గడ్డి ఎండిన ఏడాది: అమెరికాలో పశువులున్న తెలుగువారికి కరువు సాయం మార్గదర్శి

ఆగస్టు మధ్యలో మా పచ్చిక బయలులో నడిస్తే చెప్పుల కింద అప్పడాలు విరిగిన చప్పుడు వస్తుంది. కుంటలో నీరు మడుగంత మిగులుతుంది, దాని అంచున బురద పెచ్చులుగా లేస్తుంది. ట్రక్కు చప్పుడు వినగానే ఆవులన్నీ గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తాయి. ప్రేమతో కాదు, వెనుక గడ్డి చుట్ట ఉందేమోనన్న ఆశతో. ఉత్తర టెక్సస్‌లో భూమి కొని నాలుగు ఆవులు, పది మేకలు పెట్టుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఉద్యోగం ఒకవైపు, శని ఆదివారాల్లో కంచెలు, తొట్లు మరోవైపు. వీళ్లలో చాలామందికి ఎండిన గడ్డికి కూడా ప్రభుత్వం డబ్బు ఇస్తుందన్న సంగతి తెలియదు. మొదటి మూడేళ్లు నాకూ తెలియదు.

ఆ పథకం పేరు లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్. ఆఫీసులో అందరూ ఎల్‌ఎఫ్‌పీ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అంటే ఎఫ్‌ఎస్‌ఏ, దీన్ని నడుపుతుంది. 2008 వ్యవసాయ చట్టంతో పుట్టి, 2011 సెప్టెంబరు చివర ఆగిపోయింది. 2014 చట్టం దాన్ని శాశ్వతం చేసి, ఆగిన రోజు నుంచే వర్తించేలా వెనక్కి అన్వయించింది. ఆ మధ్యకాలంలో టెక్సస్ ఎలా ఉందంటే, 2011 అక్టోబరు మొదట్లో రాష్ట్రంలో దాదాపు 88 శాతం అత్యంత తీవ్రమైన కరువు కింద ఉంది. మొదట్లో ఈ సాయం కావాలంటే పంట బీమా లాంటిది ముందే కొని ఉండాలనేవారు. 2014 తర్వాత ఆ షరతు పోయింది. రైతు కట్టే ప్రీమియం ఏదీ లేదు.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. మీ ఆవు ఎంత చిక్కిపోయింది, మీరు గడ్డికి ఎంత ఖర్చు పెట్టారు అని ఈ పథకం అడగదు. మూడే చూస్తుంది: కరువు పటంలో మీ కౌంటీ రంగు, మీ పేరున నమోదైన మేత భూమి, మీ పశువుల లెక్క. రంగు మన చేతిలో లేదు. మిగతా రెండూ గడ్డి పచ్చగా ఉన్నప్పుడే కాగితం మీదికి ఎక్కాలి. సాయం రానివాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది కరువు లేక కాదు, కాగితం లేక పోగొట్టుకున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మొదటి మెట్టు: మీకు అర్హత ఉందా

మనవాళ్లకు ఇక్కడే అసలు చిక్కు. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి అర్హత ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి లేదు. ఏళ్ల తరబడి ఇక్కడ పన్నులు కడుతున్నా, పన్ను శాఖ లెక్కలో మీరు ‘రెసిడెంట్’ అయినా సరే, ఎఫ్‌ఎస్‌ఏ అడిగేది శాశ్వత నివాస కార్డే. ఎల్‌ఎల్‌సీ పేరున భూమి పెడితే దాటిపోవచ్చని కొందరు అనుకుంటారు. సంస్థ అయితే వెనుక ఉన్న సభ్యులెవరు, ఎవరి వాటా ఎంత అన్నది సీసీసీ-901 అనే ఫారంలో రాయాలి. అర్హత లేని సభ్యుడి వాటా మేరకు సాయం తగ్గిపోతుంది.

మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గ్రీన్‌కార్డు రాకముందే పదెకరాలు మించిన వ్యవసాయ భూమి కొన్నవాళ్లకు మరో బాధ్యత ఉంది. 1978 నాటి చట్టం ప్రకారం విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంలో తెలియజేయాలి. మరిచిపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్లవచ్చు. రియల్ ఎస్టేట్ ఏజెంట్లు దీన్ని చెప్పగా నేను వినలేదు.

ఇక ఆదాయం. మూడేళ్ల సగటు సవరించిన స్థూల ఆదాయం 9 లక్షల డాలర్లు దాటకూడదు. చివరిగా ముగిసిన పన్ను సంవత్సరాన్ని వదిలి, దాని ముందు మూడేళ్లను లెక్కిస్తారు. మామూలు ఉద్యోగస్తులకు ఇది అడ్డు కాదు. కంపెనీ షేర్లు అమ్ముకున్న ఏడాది ఒకటి మధ్యలో ఉంటే మాత్రం లెక్క చూసుకోండి. ఒక వ్యక్తికి ఏడాదికి గరిష్ఠంగా 1,25,000 డాలర్ల వరకే ఇస్తారు. మన మందలకు అదొక సుదూర శిఖరం.

పశువులు వ్యాపారం కోసం పెంచుతున్నవై ఉండాలి. ముచ్చటకు పెట్టుకున్న గుర్రం, పిల్లలు ఆడుకునే మేకపిల్ల, వేట కోసం పెంచే జింకలు లెక్కలోకి రావు. టెక్సస్‌లో ఆస్తి పన్ను తగ్గుతుందని నాలుగు ఆవులు వదిలేసినవాళ్లు ఉన్నారు. అది వేరే కార్యాలయం, వేరే నిబంధన. అక్కడ తగ్గింపు వచ్చింది కాబట్టి ఇక్కడా అర్హులమే అనుకోకండి. పన్ను పత్రాల్లో వ్యవసాయ ఆదాయం చూపే షెడ్యూల్ ఎఫ్, సంతలో దూడలు అమ్మిన రసీదులు ఉంటే మాటకు బలం వస్తుంది. దసరాకు, బోనాలకు తెలిసినవాళ్లు వచ్చి పోతును చూసి, బేరమాడి, చేతిలో నగదు పెట్టి తీసుకెళ్తారు. ఆ అమ్మకానికి కూడా ఒక చిన్న చీటీ రాసుకోండి: తేదీ, ఎన్ని, ఎంత. లేకపోతే మీ మందలో పోతులు పుట్టడమే తప్ప అమ్ముడుపోవడం కాగితం మీద ఎక్కడా కనబడదు.

మాంసపు పశువులు, పాడి పశువులు, గొర్రెలు, మేకలు, గుర్రాలు, ఈము పక్షులు, లామాలు కూడా జాబితాలో ఉన్నాయి. ఏదైనా సరే, దాని ఆహారంలో ఎక్కువ భాగం మేత నుంచి రావాలి. దాణా పెట్టి బలిపించే దొడ్డిలోని పశువులకు వర్తించదు. పాలు మానని దూడలను లెక్కించరు.

రెండో మెట్టు: భూమిని నమోదు చేయడం

నేను పోగొట్టుకున్నది ఇక్కడే. మీ కౌంటీకి సేవలందించే ఎఫ్‌ఎస్‌ఏ కార్యాలయానికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. దస్తావేజు, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు, సంస్థ ఉంటే దాని పత్రాలు పట్టుకెళ్లాలి. వాళ్లు మీ భూమికి ఫార్మ్ నంబరు ఇస్తారు, ఉపగ్రహ చిత్రం మీద గట్లు గీసిన పటం ముద్రించి చేతిలో పెడతారు. తర్వాత చేయాల్సింది విస్తీర్ణ నివేదిక, ఎఫ్‌ఎస్‌ఏ-578. మన ఊళ్లో అడంగల్‌లోనో పహాణీలోనో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఎక్కించినట్టే, ఇక్కడ ఏ మడిలో ఏ గడ్డి ఉందో, దాన్ని దేనికి వాడుతున్నారో రాయాలి.

‘దేనికి’ అన్న మాట దగ్గర ఆగండి. మేపడానికా, కోసి ఎండుగడ్డి చేయడానికా అని అడుగుతారు. ఈ పథకం మేత నష్టానికి మాత్రమే. నేను మొదటిసారి మొత్తం బెర్ముడా గడ్డిని ‘ఎండుగడ్డి’ అని రాయించాను. జూన్‌లో ఒక కోత కోసేవాణ్ణి కదా అని. మిగతా పది నెలలూ అందులో ఆవులే తిరిగేవి. కౌంటర్ వెనుక ఆవిడ అడిగింది, నేను చెప్పింది రాసుకుంది. తప్పు నాదే. ఆ ఏడాది కరువు పటంలో కౌంటీ అంతా ఎర్రబడింది. నా ఫారంలో మాత్రం మేత భూమి సున్నా.

సహజంగా పెరిగే దేశవాళీ గడ్డి ఒక రకం, నాటి పెంచిన శాశ్వత పచ్చిక మరో రకం, మేత కోసం విత్తిన జొన్న లేదా గోధుమ ఇంకో రకం. ఒక్కోదానికి కౌంటీలో ‘సాధారణ మేత కాలం’ వేరుగా ఉంటుంది. చలికాలపు గోధుమ మేతకు నెలలు వేరు, బెర్ముడాకు వేరు. కరువు ఆ కాలంలో పడితేనే లెక్క. కాబట్టి రకం తప్పు రాస్తే నెలలూ తప్పుతాయి.

శాశ్వత పచ్చికకు నమోదు గడువు చాలాచోట్ల నవంబరు 15. మీ కౌంటీ తేదీని ఫోను చేసి రాసుకోండి. ఆలస్యమైతే రుసుము కట్టి నమోదు చేయించుకునే వీలు ఉండవచ్చు. దాని మీద ఆధారపడకండి.

ఇదే రోజు మరో మూడు ఫారాలు పూర్తి చేయించుకోండి: సాగు నిర్వహణ ప్రణాళిక సీసీసీ-902, ఆదాయ ధ్రువీకరణ సీసీసీ-941, కోతకు గురయ్యే నేలలు, చిత్తడి నేలల నిబంధనలకు ఒప్పుకున్నట్టు ఏడీ-1026. బ్యాంకు ఖాతా వివరాలూ ఇచ్చేయండి. కరువు వచ్చాక ఇవన్నీ ఒకేసారి చేయాలంటే అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. కార్యాలయం నుంచి బయటికి వచ్చే ముందు ‘రిసీట్ ఫర్ సర్వీస్’ అడగండి. మీరు ఏ రోజు వచ్చారు, ఏమి అడిగారు, వాళ్లు ఏమి చెప్పారు అన్నది అందులో ఉంటుంది. అడిగితే ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మనకు అడగడానికి మొహమాటం. ఆ మొహమాటాన్ని పార్కింగులోనే వదిలి లోపలికి వెళ్లండి.

మూడో మెట్టు: కౌలు కాగితం

సొంత భూమి చాలక పక్కవాళ్ల బీడు తీసుకునేవాళ్లకు ఇది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా నోటిమాట కౌలుకు పడ్డ రైతు పరిహారం దగ్గర ఎంత నలిగిపోతాడో మనం చూసిందే. ఇక్కడా అంతే. మా పక్కింటి ముసలాయన ఎనభై ఎకరాలు ‘నీ ఆవులను వదులుకో, కంచె బాగుచెయ్యి చాలు’ అన్నాడు. మంచి మనిషి, కాగితం అంటే నొచ్చుకుంటాడేమోనని రెండేళ్లు అడగలేదు. చివరికి అడిగితే నవ్వి, వంటగది బల్ల మీదే సంతకం పెట్టాడు. ఒక పేజీ: ఎవరు ఎవరికి, ఏ భూమి, ఎన్ని ఎకరాలు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎంత డబ్బు, మేతకే అని.

పశువు ఎన్ని పౌండ్లు పెరిగితే అంత అని బరువు మీద కౌలు కట్టే ఒప్పందం ఉంటే ఆ భూమి మీద మీకు సాయం రాదు. ఎకరానికి ఇంత అని నగదు కౌలు రాసుకోవడమే క్షేమం. ప్రభుత్వ భూమిలో మేపుకునే పర్మిట్ ఉన్నవారు దాని నకలు ఇవ్వాలి.

నాలుగో మెట్టు: పటం చూడటం

మన దగ్గర కరువు మండలాల జాబితా కోసం ఎదురుచూస్తారు. జీవో ఎప్పుడొస్తుందో, అందులో మన మండలం ఉంటుందో లేదో, ఉంటే ఎవరి పుణ్యమో అని నెలల తరబడి చర్చ. ఇక్కడ ఆ పని ఒక పటం చేస్తుంది. యూఎస్ డ్రాట్ మానిటర్ 1999 నుంచి నడుస్తోంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని జాతీయ కరువు నివారణ కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ సంస్థ నోవా కలిసి తయారుచేస్తాయి. మంగళవారం ఉదయం వరకు ఉన్న సమాచారంతో గురువారం విడుదల చేస్తారు. డి0 అంటే పొడిగా ఉంది, డి1 ఒక మోస్తరు కరువు, డి2 తీవ్రం, డి3 అతి తీవ్రం, డి4 అసాధారణం.

ఎన్ని నెలల సాయం వస్తుందన్నది ఈ మెట్లను బట్టే. 2025 జూలైలో చట్టం మారింది. అంతకుముందు డి2 వరుసగా ఎనిమిది వారాలు ఉంటేనే ఒక నెల చెల్లింపు వచ్చేది. ఇప్పుడు వరుసగా నాలుగు వారాలు ఉంటే ఒక నెల, గత ఎనిమిది వారాల్లో ఏడు వారాలు ఉంటే రెండు నెలలు. మేత కాలంలో ఎప్పుడైనా డి3 తగిలితే మూడు నెలలు. డి3 నాలుగు వారాలు నిలిచినా, డి4 ఒక్కసారి తగిలినా నాలుగు. డి4 నాలుగు వారాలు ఉంటే ఐదు.

కౌంటీలో ఏ మూల ఆ రంగు పడినా కౌంటీ మొత్తానికి వర్తిస్తుంది. మీ గేటు ముందు వాన కురిసినా, ముప్పై మైళ్ల అవతల అదే కౌంటీలో డి3 ఉంటే మీకూ లెక్కే. దీనికి వెనకవైపు కూడా ఉంది. రోడ్డుకు అటు పక్క కౌంటీ మారిపోతే, అక్కడి గడ్డి మీదానికన్నా ఎండినా వాళ్లకు ఏమీ రాకపోవచ్చు. ఇది న్యాయమా అని నన్ను అడిగితే కాదంటాను. పొలం పొలం తిరిగి నష్టం రాసే పద్ధతితో పోలిస్తే వేగంగా, చెయ్యి తడపకుండా పని జరుగుతుందని మాత్రం ఒప్పుకుంటాను. ఏ కౌంటీలో ఏ రకం గడ్డికి అర్హత వచ్చిందో ఎఫ్‌ఎస్‌ఏ తన వెబ్‌సైట్‌లో పటాలుగా పెడుతుంది.

పటం గీసేవారికి మీ మాట చేరే దారి ఒకటుంది. నెబ్రాస్కా కేంద్రం ఆన్‌లైన్‌లో క్షేత్ర పరిస్థితుల నివేదికలు తీసుకుంటుంది. కుంట, గడ్డి ఫొటోలతో ఎవరైనా పంపవచ్చు. ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు తిరిగి, వర్షాలున్న నెలలోనూ ఎండిన నెలలోనూ తీయండి. ఎండినప్పుడు ఒక్కటే తీస్తే అది ఎప్పుడూ అలాగే ఉంటుందేమో అనిపిస్తుంది.

ఐదో మెట్టు: పశువుల లెక్క

కరువు లెక్క మొదలైన తేదీకి ముందు 60 రోజుల్లో ఆ పశువులు మీవై ఉండాలి. సొంతం కావచ్చు, అద్దెకు తెచ్చుకున్నవి కావచ్చు, కొనడానికి ఒప్పందం రాసుకున్నవి కావచ్చు. గడ్డి లేక ముందటి రెండేళ్లలో అమ్మేసిన పశువులకూ సాయం ఉంది, మామూలు రేటులో 80 శాతం చొప్పున. చాలామంది దీన్ని అడగరు. అమ్మేశాం కదా అని వదిలేస్తారు. సంత రసీదు మీద తేదీ, సంఖ్య ఉంటాయి, దాన్ని దాచుకోండి.

నేను నెలకోసారి, ఒకటో తేదీకి దగ్గరి ఆదివారం, గేటు దగ్గర నిలబడి లెక్కపెడతాను. స్కూలు పుస్తకంలో ఒక్కో పేజీకి ఒక్కో నెల: పెద్ద ఆవులు, ఆంబోతు, ఎదిగిన కోడెలూ పెయ్యలూ, మేకలు. చెవి బిళ్ల నంబరు, కొన్నది, చచ్చింది, అమ్మింది. పశువుల డాక్టరు రసీదులు అదే పుస్తకంలో దూర్చేస్తాను. పేడ మరకలున్న ఆ పుస్తకాన్ని కార్యాలయంలో ఎవరూ తప్పుపట్టలేదు.

ఆరో మెట్టు: ఎంత వస్తుందో ముందే వేసుకోండి

పెద్ద మాంసపు ఆవు రోజుకు 15.7 పౌండ్ల మొక్కజొన్నకు సమానమైన మేత తింటుందని ప్రభుత్వం లెక్క. మొక్కజొన్న ధరను గత 12 నెలల సగటు, 24 నెలల సగటులలో ఏది ఎక్కువైతే దాన్ని తీసుకుంటారు. బుషెల్‌కు 56 పౌండ్లు. మేకైనా గొర్రైనా ఆవులో నాలుగో వంతు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ధర బుషెల్‌కు 4.48 డాలర్లు అనుకోండి, పౌండుకు 8 సెంట్లు. ఆవుకు రోజుకు 1.256 డాలర్లు, 30 రోజులకు 37.68. మీకు 16 ఆవులు, 24 మేకలు. మేకలు ఆరు ఆవులతో సమానం, మొత్తం 22. ఇక భూమి వైపు నుంచి చూస్తారు. సొంతం 60 ఎకరాలు, కౌలు 80 ఎకరాలు, మొత్తం 140. మీ కౌంటీలో ఒక్కో ఆవుకు ఏడెకరాలు కావాలని నిర్ణయించి ఉంటే భూమి మోసేది 20 ఆవులనే. 22, 20లలో తక్కువదే తీసుకుంటారు. నెలకు మేత ఖర్చు 753.60 డాలర్లు, పథకం ఇచ్చేది అందులో 60 శాతం, అంటే 452.16. డి3 నాలుగు వారాలు నిలిచిన ఏడాది నాలుగు నెలలకు 1,808.64. ఇటీవలి సంవత్సరాల్లో సమాఖ్య బడ్జెట్ కోత కింద 5.7 శాతం తగ్గిస్తున్నారు. చేతికొచ్చేది సుమారు 1,705.

ఇప్పుడు ఆ కౌలు కాగితం లేదనుకోండి. 60 ఎకరాలు ఎనిమిదిన్నర ఆవులనే మోస్తుంది. అన్నీ పోను వచ్చేది సుమారు 731. ముసలాయన వంటగది బల్ల మీద పెట్టిన సంతకం విలువ, ఒక్క కరువుకు, 974 డాలర్లు.

ఏడో మెట్టు: దరఖాస్తు

ఫారం సీసీసీ-853. కౌంటీకి అర్హత వచ్చిన తర్వాత వేయాలి. క్యాలెండర్ ఏడాది ముగిశాక కొద్ది వారాలే గడువు ఉంటుంది, అర్హత రాగానే ఫోను చేయడమే మేలు. పశువుల లెక్క, కౌలు పత్రాలు జతచేయండి. స్థానిక రైతులే ఎన్నుకున్న కౌంటీ కమిటీ దాన్ని ఆమోదిస్తుంది.

కరువు కాకుండా నిప్పు వల్ల మేత పోతే దారి మారుతుంది. సమాఖ్య భూమిలో అగ్నిప్రమాదం తర్వాత మేపకూడదని అధికారులు ఆపితే, ఆపిన రోజులకు నెలవారీ మేత ఖర్చులో 50 శాతం చొప్పున, ఏడాదికి 180 రోజుల వరకు ఇదే పథకం ఇస్తుంది. ప్రైవేటు భూమి కాలిపోతే ఇది వర్తించదు. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ పాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ మంటలు పది లక్షల ఎకరాలకు పైగా తినేశాయి. అలాంటి నష్టానికి ఈలాప్ అనే మరో పథకం ఉంది. కరువులో నీళ్లు తోలిన ఖర్చుకు, దూరం నుంచి గడ్డి తెచ్చిన రవాణాకు కూడా ఈలాప్‌లోనే అడగాలి. పశువులు చచ్చిపోతే లిప్ అనేది వేరే. ఒకే బల్ల దగ్గర మూడింటి గురించీ అడగండి. మీరు అడగనిదాన్ని వాళ్లు తమంతట తాము చెప్పకపోవచ్చు.

కాదన్నారనుకోండి, అది రాతపూర్వకంగా ఇవ్వమనండి. అందులో అప్పీలు హక్కులు రాసి ఉంటాయి. అందిన నాటి నుంచి 30 రోజుల్లో కౌంటీ కమిటీనే పునఃపరిశీలించమనవచ్చు, రాష్ట్ర కమిటీకి వెళ్లవచ్చు, మధ్యవర్తిత్వం కోరవచ్చు, నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కూ పోవచ్చు. ముప్పై ఒకటో రోజున ఎంత మంచి వాదన ఉన్నా ఎవరూ వినరు.

డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. మరుసటి జనవరిలో 1099-జీ అనే పన్ను పత్రం వస్తుంది, ఆ మొత్తాన్ని షెడ్యూల్ ఎఫ్‌లో ఆదాయంగా చూపాలి. కరువు వల్ల మామూలుకన్నా ఎక్కువ పశువులను అమ్ముకుని ఉంటే, ఆ అదనపు ఆదాయం మీద పన్నును మరుసటి ఏడాదికి వాయిదా వేసుకునే వీలు ఉంది. మీ అకౌంటెంట్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పన్నులే చేసేవాడైతే ఈ సంగతి అతనికి మీరే చెప్పాల్సి రావచ్చు.